అహ్మద్ గారికి పాలు పడవు

తంగెళ్ళమూడి వైపు వెళ్ళి తివాచీల అహ్మద్ గారి గురించి ఎవరినడిగినా ముందు నవ్వుతారు. నవ్వడం పూర్తయ్యాక, చాలా మంచివాడండీ అంటారు. నేను కూడా తొమ్మిదేళ్ళు అలాగే నవ్వాను, అలాగే అన్నాను. ఆయన పక్కన భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నవాణ్ణి కాబట్టి అందరికంటే ఎక్కువే నవ్వాను. ఆయన కథ చెప్పే అర్హత నీకుందా అంటే లేదు. కానీ ఇది మొత్తం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మాది ఉన్ని తివాచీల నేత. నిలువు మగ్గం ముందు పొడవాటి పలక వేసి ఉంటుంది, దాని మీద నలుగురం వరసగా కూర్చుంటాం. ఎదురుగా బిగించి కట్టిన నూలు పోగులుంటాయి. ఒక్కో చోట రంగు ఉన్ని చుట్టి, ముడి వేసి, కత్తితో తెంపాలి. ఏ ముడి ఏ రంగో గళ్ళ కాగితం మీద ఉంటుంది. నలుగురూ కాగితం చూస్తూ కూర్చుంటే పని సాగదు. అందుకని ఒకరే చూసి పైకి చెబుతారు, మిగిలినవాళ్ళు వింటూ వేస్తారు. మా పలక మీద చెప్పే మనిషి అహ్మద్ గారు. "రెండు ఎరుపు, మూడు మీగడ, ఒకటి నీలం, రెండు ఆకుపచ్చ" అని ఆయన గొంతెత్తితే మా వేళ్ళు వాటంతట అవే కదిలేవి. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన ఒక్క ముడి తప్పు చెప్పినట్టు ఎవరూ విన్నది లేదు. సగం డిజైన్లు ఆయనకి కాగితంతో పని లేకుండానే వచ్చు.

ఆ గొంతుకి కింద నుంచి తోడు పలికేది ఇంకొకటి ఉండేది. దాచడం దేనికి, ఆయనకి గ్యాస్ జబ్బు. పొద్దున్న తొమ్మిదింటికి కూర్చుంటే పదిన్నరకల్లా మొదలయ్యేది. అందరం కూర్చున్నది ఒకే చెక్క మీద కాబట్టి మాకు చెవుల కంటే ముందు కిందనుంచే తెలిసేది. పలక చివర కూర్చునే చంటి నోటి తీట ఉన్నవాడు. ఒకరోజు ఆయన రంగులు చెబుతుండగా మధ్యలో అది వినిపించేసరికి, వాడు చేతిలో ఉన్ని పట్టుకుని ఏమీ ఎరగనట్టు, "భాయ్ గారూ, ఇది ఏ రంగండీ?" అని అడిగాడు.

పని ఆగిపోయేంత నవ్వాం. అవతలి మగ్గం మీద ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ రోజుతో పోలేదు, అది మాకు రోజువారీ కాలక్షేపం అయిపోయింది. అహ్మద్ గారి చెవులు ఎర్రబడేవి. ఏమనుకోకండీ అని మెల్లగా అని మళ్ళీ ముందు వరస నుంచి అందుకునేవారు. ఒక్కనాడు కూడా కోప్పడలేదు. కోప్పడి ఉంటే మేము మానేసేవాళ్ళమేమో. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

ఎండాకాలంలో కొల్లేటి చేపల లారీలు నీళ్ళు కార్చుకుంటూ మా షెడ్డు ముందు నుంచే పోతాయి. ఆ కంపుకి వీధి వీధంతా ముక్కు మూసుకుంటుంది. లారీని చూసి నవ్వేవాడు ఒక్కడూ ఉండడు. పాపం ఆ మనిషి నవ్వుతారని భయపడి గంటలు గంటలు బిగబట్టేవారు. బిగబడితే పోతుందా, సాయంత్రానికి పొట్ట డోలులా బిగిసిపోయి లుంగీ ముడి కూడా వదులు చేసుకోవలసి వచ్చేది. ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు కాలవగట్టున ఆగి ఆగి వెళ్ళడం నేను చాలాసార్లు చూశాను.

వైద్యం మాత్రం ఊరంతా చేసింది. మా షెడ్డు యజమాని శేషగిరిరావు గారు ఇంగువ తడిపి బొడ్డు చుట్టూ రాయమన్నారు. ఆయన రాశారు. చంటి పచ్చి వెల్లుల్లి నమలమన్నాడు. అది చంటికి మా ముక్కుల గురించి ఇంకో పది రోజులు మాట్లాడుకోవడానికి పనికొచ్చింది. వాము, ఉప్పు, సొంఠిపొడి, కరక్కాయ, ఎవరేది చెబితే అది పొట్లం కట్టించుకుని వెళ్ళేవారు. నేను మా అమ్మమ్మ వైద్యం చెప్పాను. వెల్లుల్లి రేకులు పాలల్లో ఉడికించి పడుకునే ముందు తాగమన్నాను. నెల్లాళ్ళు తాగారు, ఇంకా ముదిరింది. పాలే ఆయనకి విషమని అప్పటికి నాకు తెలియదు. తెలియక చేసిన పాపం అదొక్కటే, మిగిలినవి తెలిసే చేశాను.

పాలు అన్నాను కదా. రంగులు చెప్పే మనిషికి గొంతు ఎండిపోతుంది. అందుకని శేషగిరిరావు గారు ఆయనకి ప్రత్యేకంగా టీ తెప్పించేవారు. చిక్కటి గేదెపాల టీ, పెద్ద గ్లాసు, రోజుకి ఆరుసార్లు. ఆ టీ అంటే అహ్మద్ గారికి ప్రాణం. ఆయన ఎప్పుడైనా వద్దంటే చంటే లేచి వెళ్ళి తెచ్చి చేతిలో పెట్టేవాడు. టీకీ దానికీ సంబంధం ఉందని వాడు కనిపెట్టాడని కాదు, మర్యాద చేస్తూ ఎగతాళి చెయ్యడం వాడికి సరదా.

రంజాన్ నెలలో మాత్రం పలక నిశ్శబ్దంగా ఉండేది. చంటి ఆ నెలని "మగ్గానికి సెలవులు" అనేవాడు. తొమ్మిదేళ్ళు ఆ మాటకి నవ్వాం గానీ ఎందుకలా అని ఒక్కడూ ఆలోచించలేదు. ఆలోచించింది ఆయన భార్య సుగ్రా గారు. ఆవిడ ఇంట్లో చీరలకి ఫాల్స్ కుడుతుంది. చదువు రాదు. నిరుడు పండగ వెళ్ళిన మర్నాడే మళ్ళీ కడుపు పట్టుకుని ఇంటికొచ్చిన భర్తని కూర్చోబెట్టి, రోజా ఉపవాసాలు ఉన్నన్నాళ్ళూ పగలు రానిది ఇప్పుడెందుకు వచ్చిందని అడిగింది. కడుపు అదే, పలక అదే, కూర్చునే తీరూ అదే. పగటిపూట లోపలికి పోయేదాంట్లోనే ఏదో ఉందని తేల్చింది.

షెడ్డులో తెంపేసిన ఉన్ని ముక్కలు నేలంతా పడి ఉంటాయి. అవి తెమ్మంది. ఒక పొడవాటి నూలు తాడు తీసుకుని, ఆయన ఆ రోజు ఏం తిన్నారో అడిగి రంగు ముడి వేసేది. శనగపప్పు, శనగపిండి అయితే పసుపు. ఉలవచారు అయితే గోధుమ రంగు. క్యాబేజీ అయితే ఆకుపచ్చ. పాలైతే తెలుపు. ఆ రోజు కడుపు బాధ పెడితే చివర నల్ల ముడి. తినేది మార్చి మార్చి పెట్టింది. ఒకరోజు టీ ఉంచి పప్పు తీసేసేది, ఒకరోజు పప్పు ఉంచి టీ తీసేసేది. నలభై రోజులయ్యాక తాడు ఆయన చేతికిచ్చి చదవమంది.

ఇదంతా అహ్మద్ గారే నాకు చెప్పారు. ఆయన మగ్గం మీద చెప్పినట్టే పైకి చదివారట. ఒకటి పసుపు, ఒకటి తెలుపు, నలుపు. రెండు పసుపు, నలుపు లేదు. ఒకటి గోధుమ, కొంచెం నలుపు. ఒకటి తెలుపు, నలుపు. మళ్ళీ తెలుపు, మళ్ళీ నలుపు. సగంలోకి వచ్చేసరికి తాడు ఒళ్ళో పెట్టేసుకున్నారట. ఇన్నేళ్ళు ఇంత పెద్ద పెద్ద తివాచీలు చదివాను గానీ నా కడుపు చదువుకోలేకపోయానండీ అన్నారు.

ఆ తాడు పట్టుకుని ఇద్దరూ ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ముందు నవ్వి, తర్వాత నవ్వు ఆపి తాడు మొత్తం చూసి, నా దగ్గరికి ఫైళ్ళు పట్టుకొచ్చే వాళ్ళు కూడా ఇంత వివరంగా చెప్పరని మెచ్చుకుందట. వయసు పెరిగేకొద్దీ చాలామందికి పాలు అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది, అరగని పాలు పేగుల్లో పులిసి గాలి పుడుతుంది అని చెప్పింది. పాలు మానెయ్యమంది. పప్పులు రాత్రి నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండమంది. హడావిడిగా మింగితే తిండితోపాటు గాలి కూడా లోపలికి పోతుంది, నమిలి తినమంది. తిన్నాక నడవమంది. బిగబట్టవద్దంది. జీలకర్ర నీళ్ళు, వాము నీళ్ళు కావాలంటే తాగండి, హాయిగా ఉంటుంది, కానీ కారణం తీసెయ్యకుండా అవి ఎన్ని తాగినా లాభం లేదని మరీ మరీ చెప్పిందట.

ఆయన నిష్ఠగా చేశారు. టీ గ్లాసు వస్తే దండం పెట్టి వెనక్కి పంపేవారు. సీసాలో జీలకర్ర మరిగించిన నీళ్ళు తెచ్చుకునేవారు. మేమందరం అన్నం తిని లేచిపోయినా ఇంకా నములుతూ కూర్చునేవారు. తర్వాత కాలవ వంతెన దాకా నడిచి వచ్చేవారు. మూడు వారాలు తిరక్కుండా మా పలక నోరు మూసుకుంది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన మసీదు నుంచి వస్తూనే నా చెయ్యి పట్టుకున్నారు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. నమాజుకి ముందు వజూ అని చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కుంటారు. మధ్యలో గాలి పోతే అది చెల్లదు, లేచి వెళ్ళి మళ్ళీ మొదటినుంచి కడుక్కోవాలి. ఆయన ఏళ్ళ తరబడి వరస మధ్యలోంచి లేచి రెండుసార్లు, మూడుసార్లు కుళాయి దగ్గరికి పోయిన మనిషి. "ఇవాళ ఒక్క వజూతో పూర్తి చేశానండీ ప్రసాద్ గారూ" అన్నారు. సంతోషమండీ అన్నాను. ఆ క్షణానికి నిజంగానే సంతోషించాను.

అదే రోజుల్లో శేషగిరిరావు గారు ఒక కబురు చెప్పారు. చేతిలో ఉన్న తివాచీ పూర్తయ్యాక మగ్గాలు తీసేస్తున్నారు, షెడ్డు గోడౌనుకి ఇస్తున్నారు. తాడేపల్లిగూడెంలో ఆడపిల్లలకి తివాచీ నేత నేర్పే కేంద్రం ఒకటి పెడుతున్నారు, దానికి ఒక మాస్టారు కావాలి. పరీక్ష ఏమీ లేదు. అధికారుల ముందు, పిల్లల ముందు ఒక గంట కూర్చుని రంగులు చెబుతూ తన పలక వాళ్ళతో నేయించి చూపించాలి. అది అహ్మద్ గారి కోసమే పుట్టిన ఉద్యోగం. ఆయనకి యాభై మూడేళ్ళు, చూపు తగ్గుతోంది, వేళ్ళు ముడి మీద నిలవడం లేదు. ఆయన దగ్గర మిగిలింది ఆ గొంతు ఒక్కటే. ఈ చోటు దొరక్కపోతే ఆ గొంతుతో చెయ్యడానికి జిల్లాలో ఇంకో పని లేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, మాకు ఇంకా బాగా తెలుసు.

ఇక్కడిదాకా నేను నలుగురిలో ఒకణ్ణి. ఇక్కడినుంచి కాదు.

నవ్వడం అలవాటైన పలక నవ్వకుండా ఉండలేదు. అహ్మద్ గారి కడుపు నెమ్మదించిన వారానికే చంటి చుట్టూ చూశాడు, వాడి చూపు నా మీద పడింది. నాది మెల్లకన్ను. చిన్నప్పుడు దెందులూరు బడిలో పడ్డ బాధ అది, పెద్దయ్యాక అందరూ మర్చిపోయారనుకున్నాను. మర్చిపోలేదు, ఇంకా మంచి వేడుక దొరికి దాన్ని అటకెక్కించారు, అంతే. అహ్మద్ గారు ఎరుపు అనగానే చంటి నా ముఖంలోకి వంగి చూసి, ప్రసాదు ఎరుపు వైపు చూస్తున్నాడా, శ్రీదుర్గ వైపు చూస్తున్నాడా అనేవాడు. శ్రీదుర్గ అవతలి మగ్గం మీద నేసే అమ్మాయి, నా కూతురి వయసు. ఆమె కూడా నవ్వేది. సాయంత్రం షేర్ ఆటో ఎక్కుతుంటే, డ్రైవరు గారూ జాగ్రత్త, ఈయన మీ వైపే చూస్తున్నాడు అని వెనకనుంచి కేకేసేవాడు.

ఇరవై రోజులు. ఆయన తొమ్మిదేళ్ళు మోసినదాన్ని నేను ఇరవై రోజులు మొయ్యలేకపోయాను. అన్నం సహించేది కాదు. అద్దంలో చూసుకోవడం మానేశాను. ఒకరోజు చంటి నా కన్ను గురించి ఏదో అంటే అందరూ నవ్వారు. అహ్మద్ గారొక్కరే నవ్వలేదు. పాపం ఊరుకోండయ్యా అన్నారు. ఆ మాట నాకు పుండు మీద కారం చల్లినట్టయింది. నవ్వులపాలు కావలసిన చోటు ఆయనది, దాన్ని నాకు అంటగట్టి నా మీద జాలిపడుతున్నాడనిపించింది. ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

మా ఆవిడ మంగతాయారు పాయసం బాగా చేస్తుంది. తాడేపల్లిగూడెం వెళ్ళే రోజు పొద్దున్నే చెయ్యమన్నాను, పాలు బాగా మరగబెట్టి చిక్కగా చెయ్యమన్నాను, పైన కొబ్బరిముక్కలు నేతిలో వేయించి ఎక్కువగా వెయ్యమన్నాను. అందరం పంచుకు తింటామని చెప్పాను. మూడు గిన్నెల క్యారియరు నిండా పోసి ఇచ్చింది.

ఏలూరు స్టేషన్లో రైలు రావడానికి ఇంకా అరగంట ఉంది. చంటి, ఇంకో నేతగాడు అవతల నిలబడి ఉన్నారు. అహ్మద్ గారు బెంచీ మీద కూర్చున్నారు. తెల్లటి ఇస్త్రీ చొక్కా, కొత్త టోపీ. కంగారుతో పొద్దున్న ఏమీ తినలేదని చెప్పారు. నేను క్యారియరు విప్పి, మా ఆవిడ మీ కోసం కొబ్బరిపాలతో చేసింది, గేదెపాల చుక్క కూడా లేదు, మంచి పనికి వెళుతూ తీపి తినాలంది అన్నాను. తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటే ఏమిటో చూడాలంటే ఆ బెంచీ దగ్గర నన్ను చూసి ఉండవలసింది.

ఆయన గిన్నె రెండు చేతులతో పట్టుకున్నారు. మీ ఇంట్లో ఇంత గుర్తుపెట్టుకుని చేశారా అండీ అన్నారు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగారు. పాలవాసన ఉన్నట్టుందే అన్నారు. కొబ్బరి ముదురుది వేశారండీ అన్నాను. అంతే, ఇంకో మాట అడగలేదు. పాలు మానేసి రెండున్నర నెలలైంది, పాపం పాయసం అంటే ఇష్టం, మూడు గిన్నెలూ ఖాళీ చేశారు. డాక్టరమ్మ చెప్పినట్టు నమిలి నమిలి తిన్నారు. అన్నం మెతుకు కూడా వదల్లేదు.

కేంద్రంలో మగ్గం పెట్టిన గది చిన్నది. ఏసీ వేసి తలుపులు మూసేశారు. ఇద్దరు అధికారులు, ఒక మేడమ్ కుర్చీల్లో కూర్చున్నారు. గోడవారన పన్నెండు మంది ఆడపిల్లలు చాపల మీద కూర్చున్నారు. మేము నలుగురం పలక మీదికి ఎక్కాం. అహ్మద్ గారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మొదటి పది నిమిషాలు మేడమ్ ఫోను పక్కన పెట్టి ఆయన్నే చూసింది. నాకు ఆ పది నిమిషాల్లో భయం వేసింది. పాయసం పని చేయదేమోనని వేసిన భయం అది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తర్వాత ఆయన గొంతులో తేడా వచ్చింది. రంగుకీ రంగుకీ మధ్య ఊపిరి బిగబడుతున్నారు. పొట్టలోంచి కుండలో నీళ్ళు కదిలినట్టు చప్పుడు. పక్కన కూర్చున్న నాకు ఆయన తొడ వణకడం తెలుస్తోంది. నుదుటి మీద చెమట ఏసీలో కూడా కారుతోంది. "మూడు మీగడ" అన్నారు. ఆ తర్వాత అది వచ్చింది. మామూలుగా వచ్చేది కాదు, పలక నాలుగు కాళ్ళూ అదిరేటట్టు వచ్చింది.

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆడపిల్లలు పెద్దవాళ్ళ ముందు నవ్వకూడదని పెదాలు బిగబట్టుకున్నారు. అధికారులు కాగితాలు చూసుకున్నారు. చంటి కూడా ఆ రోజు తల వంచుకున్నాడు. వాడికి కూడా ఎక్కడ ఆగాలో తెలుసు. అలాగే ఇంకో నిమిషం గడిచి ఉంటే ఆయన ముందు వరస అందుకునేవారే, గంట ఎలాగో గడిచేదే. ముందు నవ్వింది నేను. గట్టిగా, అందరికీ వినపడేలా నవ్వాను. దాంతో గోడవారన కట్ట తెగింది. పన్నెండు మంది ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మేడమ్ ముక్కుకి కర్చీఫ్ పెట్టుకుని తలుపు తియ్యమంది.

అహ్మద్ గారు రెండుసార్లు మొదలుపెట్టబోయారు. రంగు పేరు నోటికి రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి. క్షమించండి అని లేచి బయటికి వెళ్ళిపోయారు. అధికారుల్లో పెద్దాయన, ఈ చెప్పడం వచ్చినవాళ్ళు మీలో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. నాకు వచ్చు. తొమ్మిదేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని ఆయనే నేర్పారు. ఆయన లేచిన చోటికి జరిగి కూర్చున్నాను. పలక ఇంకా వెచ్చగా ఉంది. మిగిలిన ముప్పావు గంట నేను చెప్పాను. ఆ ఉద్యోగం నాకు వచ్చింది. నా మీద పడ్డ నవ్వుని తిప్పికొట్టడానికి చేశాను గానీ ఉద్యోగం కోసం కాదని చెబితే ఎవరూ నమ్మరు. నమ్మనక్కర్లేదు కూడా, ఏ కారణమైతే ఏమిటి.

తిరుగు రైల్లో ఆయన ఏలూరు దాకా తలుపు దగ్గరే నిలబడ్డారు. దిగేముందు నన్ను పక్కకి పిలిచారు. "నాకు కొబ్బరి కూడా పడదల్లే ఉందండీ. మంగతాయారు గారికి మాత్రం చెప్పకండి. అంత ప్రేమగా చేశారు, బాధపడతారు" అన్నారు. అలాగేనండీ అన్నాను.

ఆ సాయంత్రం సుగ్రా గారు తాడు తీసింది. ఆ రోజుకి తెల్ల ముడి లేదు, నల్ల ముడి ఉంది. ఆవిడ బుర్ర వెంటనే పట్టేసింది, ఆ పాయసం ఏ పాలతో చేశారో ఒక్కసారి అడగమంది. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆయన భార్య మీద మొదటిసారి అరిచారట. పిలిచి తీపి పెట్టిన ఇంటిని అనుమానిస్తావా అని అరిచారట. అరిచినందుకు సిగ్గుపడుతూ ఆయనే నాకు చెప్పారు. తర్వాత కూర్చుని ఆయన తన లెక్క తను వేసుకున్నారు. పాలు లేకుండా కూడా వచ్చింది కదా, అయితే కారణం పాలు కాదన్నమాట, తాడు తప్పు, డాక్టరమ్మ తప్పు. అసలు తన కడుపే అంత అని తీర్మానించుకున్నారు. ముడులన్నీ విప్పేశారు. మర్నాడు పొద్దున్న టీ తాగారు.

నెలాఖరుకి మగ్గాలు తీసేశారు. చంటి భీమవరం వైపు చేపల చెరువుల మీద పనికి వెళ్ళాడు. నేను రోజూ రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి పన్నెండు మంది పిల్లలకి రంగులు చెబుతున్నాను. పిల్లలు మాస్టారండీ అంటారు, నా కన్ను గురించి ఎవరూ ఏమీ అనరు. అహ్మద్ గారు ఇంట్లోనే ఉంటున్నారు. ఎవరింట్లో శుభకార్యం అయినా వెళ్ళరు, వరసలో కూర్చుని తినరు. మసీదుకి వెళ్ళడం కూడా మానేశారని, శుక్రవారం కూడా ఇంట్లోనే ఒక మూల నమాజు చేసుకుంటున్నారని తెలిసింది. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిది నెలలు పట్టింది నాకు నిద్ర పట్టకపోవడానికి, అదీ నా సంగతి.

పోయిన ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. మనిషి సగమయ్యారు, పొట్ట మాత్రం బిగిసి ముందుకొచ్చింది. నన్ను చూసి ఎంత సంబరపడ్డారో చెప్పలేను. పిల్లలు ఎలా నేస్తున్నారు, మీగడ రంగు పక్కన నీలం తప్పు వెయ్యడం లేదు కదా అని అడిగారు. సుగ్రా గారు ఆయనకి, నాకు రెండు గ్లాసుల టీ తెచ్చి పెట్టింది. టీ చిక్కగా, మీగడ కట్టి ఉంది. ఇదొక్కటే అడుగుతారండీ, కాదనలేకపోతున్నాను అని నాతో అంది.

నేను గ్లాసు ముట్టుకోలేదు. చెప్పేశాను. అది కొబ్బరిపాలు కాదు, ఒకటిన్నర లీటరు గేదెపాలు మరగబెట్టించాను, మీకు రావాలనే పెట్టాను, ముందు నవ్వింది కూడా నేనే, మీ తాడు తప్పు కాదు, పాలు మానెయ్యండి, మీకు ఏ జబ్బూ లేదు అని మొత్తం చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

అహ్మద్ గారు నవ్వారు. ఆయన నవ్వగా చూసి చాలా రోజులైంది. భార్య వైపు తిరిగి, "విన్నావా? నేను టీ మానాలని పాపం ఈయన ఎంత నింద నెత్తిన వేసుకుంటున్నారో" అన్నారు. నా మోకాలి మీద చెయ్యి వేసి, "వద్దండీ ప్రసాద్ గారూ. మీ గురించి మీరు అలాంటి మాట అనకూడదు. తొమ్మిదేళ్ళు పక్కన కూర్చున్నాను, మీరేంటో నాకు తెలీదా?" అన్నారు.

సుగ్రా గారు నవ్వలేదు. గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. ఆవిడ నమ్మింది. గబగబా వచ్చి ఆయన చేతిలో గ్లాసు పట్టుకుంది. నిజం చెబుతున్నానండీ, మా ఆవిణ్ణి పిలిపించి అడగండి అని నేను ఇంకా చెబుతూనే ఉన్నాను. ఆయన భార్య చెయ్యి మెల్లగా తప్పించి, చల్లారిపోతోంది వదులు అని, ఆ టీ ఆఖరి గుక్క దాకా తాగేశారు.